మన్యమున అశ్వప్రజనన విద్య: ఒక సమీక్ష

నర్సీపట్నము మైదానము ముగిసి మన్యము మొదలగు చోటు. ఇచ్చటినుండి లంబసింగి మీదుగా చింతపల్లికిని, ఆపైన గూడెము కొండలకును, పాడేరు ప్రాంతమునకును ఎగబ్రాకు దారులలో బస్సు ఎక్కడ నిలిచిపోవునో అక్కడనుండి గుఱ్ఱము బయలుదేరును. జీపు సైతము పోజాలని కొండకొమ్ము పల్లెలనుండి పసుపు, పిప్పళ్లు, కాఫీగింజలు, రాజ్మా మూటలు సంతకు దిగవలెనన్నను, సంతనుండి బియ్యమును ఉప్పును పైకెక్కవలెనన్నను, అనేక గిరిజన కుటుంబములు నేటికిని నమ్ముకొనియున్నది పొట్టిగుఱ్ఱపు వీపునే. ఈ గుఱ్ఱములకు వంశావళి గ్రంథములు లేవు. మార్వాడీ, కాఠియావాడీ జాతులకున్న ప్రఖ్యాతి లేదు. పందెపు గుఱ్ఱమునకు పలుకు వెలలో నూఱవ వంతును వీనికి పలుకదు. అయినను ఒక కుటుంబమునకు బండియు బలమును తానే యైన జంతువు చూలు నిలుపుకొనకపోయినను, ఈనునపుడు పిల్లతో కూడ చచ్చినను, ఆ నష్టమును పూరించుకొను మార్గము ఆ యింటికి సులభముగా దొరకదు.

ఈ వ్యాసమున విచారింపదలచిన ప్రశ్న యిది: గుఱ్ఱముల ప్రజననమును గూర్చి నేడు లోకమునకు తెలిసినదెంత, అందులో మన పశువైద్యునకును గుఱ్ఱపు పోషకునకును అందినదెంత, అందని దానిని అందించుటకు పట్టా పుచ్చుకొన్న తరువాతి విద్య యే విధముగా నుండవలెను? నా అభిప్రాయమును ముందే చెప్పివేయుట మేలు. మన వైద్యుడు గోవును బాగుగా నెఱిగినవాడు. కాని గోవు నెఱిగిన చేతికి గోడిగ, అనగా ఆడుగుఱ్ఱము, తనంతట తాను తెలియదు. పోషకుడు తన గోడిగను దినదినము చూచువాడు. కాని చూచినదాని అర్థమును అతనికి చెప్పినవారు లేరు. ఈ విద్యలో సగము వైద్యుని చేతిలోను సగము పోషకుని కంటిలోను ఉన్నది గనుక, ఈ యిరువురను ఒకే గోడిగ ప్రక్కన నిలిపి నేర్పిననే గాని ఫలము కలుగదు.

తెలుగుదేశమునకు గుఱ్ఱము క్రొత్తది కాదు. మేలైన గుఱ్ఱమును ఇచ్చటనే పుట్టించుకొనుట మాత్రము మనకెన్నడును అలవడలేదు. కాకతీయుల నాటినుండి విజయనగర పతనము వఱకు దక్షిణాపథ రాజుల మేలుజాతి అశ్వబలము చాలవఱకు సముద్రముమీద వచ్చిన సరుకే. మోటుపల్లి రేవును, కాకతీయ రాణి పాలనను గూర్చి ప్రశంసించి వ్రాసిన మార్కోపోలో, దానికి దక్షిణమున నున్న మాబారు రాజ్యమును వర్ణించుచు, అచ్చట ఎంత మంచి గుఱ్ఱముతో ఎంత మంచి గోడిగను కలిపినను స్వారికి పనికిరాని చిన్నపిల్లయే పుట్టుననియు, ఏటా వేలకొలది గుఱ్ఱములను కొన్నను వానిలో బ్రతికి బట్టకట్టునవి మిక్కిలి తక్కువ యనియు వ్రాసినాడు. అంతకన్న గమనింపదగినది ఆతడు చెప్పిన కారణము: గుఱ్ఱముల వైద్యము తెలిసినవారిని ఆ దేశమునకు పోనీయక వర్తకులే అడ్డుపడుచుండిరట, గుఱ్ఱములు చచ్చిన కొలదియు క్రొత్తవి అమ్ముడుపోవును గదా! పదునాఱవ శతాబ్దమున విజయనగరమును గూర్చి వ్రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, అచ్చటి రాజు హొర్ముజునుండి ఏటా 13,000 గుఱ్ఱములను కొనుచుండెననియు, సాళువ నరసింహరాయలు సముద్రముమీద చచ్చిన గుఱ్ఱమునకు సైతము తోక తెచ్చి చూపినచో వెల చెల్లించెడివాడనియు తెలిపినాడు. ధనముండి విద్య లేనిచోట ధనమేమగునో తెలియుటకు ఇంతకు మించిన నిదర్శనము అక్కరలేదు.

అశ్వశాస్త్రము మనకు లేకపోలేదు. శాలిహోత్రుని పేర, నకులుని పేర సంస్కృతమున గ్రంథములు వెలసినవి. తిక్కన విరాటపర్వమున నకులుడు దామగ్రంథి యను పేర విరటుని అశ్వములను సంరక్షించుట తెలుగువారెఱిగిన కథయే. మనుమంచిభట్టు తెలుగుననే అశ్వలక్షణ గ్రంథమును రచించినాడు. నర్సీపట్నమునకు చేరువనున్న కృష్ణదేవిపేటలో నివసించి, 1922లో మన్యపు తిరుగుబాటు నడిపిన అల్లూరి సీతారామరాజు సైతము అశ్వశాస్త్రమును అభ్యసించెనని ప్రతీతి. కాని ఈ వాఙ్మయమున సుడుల శుభాశుభములకును, వర్ణమునకును, నడకలకును, దంతములనుబట్టి వయోనిర్ణయమునకును, రోగచికిత్సకును లభించిన విస్తారము గర్భవిజ్ఞానమునకు లభింపలేదు. లభించుటకు వీలును లేదు, ఏలయన గోడిగ గర్భాశయములో జరుగు వ్యాపారము మనుష్యుని కంటికి గోచరించినది నిన్నమొన్నటి మాట.

ఆ వ్యాపారమును సంగ్రహముగా చెప్పుదును. గోడిగ ఋతువు ననుసరించి ఎదకు వచ్చు జంతువు. పగలు పొడుగగు కాలమున దాని అండాశయములు మేల్కొని, పగలు కుంచించుకొను కాలమున మందగించును. ఎదచక్రము సుమారు 21, 22 దినములు. అందు ఎద 5 మొదలు 7 దినముల వఱకు నిలుచును. ఎద ముగియుటకు ఒకటి రెండు దినములు ముందుగా అండము విడుదలయగును. ఆవునకు చక్రము 21 దినములే యైనను ఎద ఒక దినమైన నిండుగా నిలువదు. అది ముగిసిన పది పండ్రెండు గంటలకు గాని అండము విడుదల కాదు. ఉదయము ఎద కనబడిన ఆవునకు సాయంకాలము వీర్యపు సూది వేయుటకు అలవాటుపడిన వైద్యుడు అదే లెక్కను గోడిగకు పట్టించినచో, ఎద మొదటి దినముననే వీర్యమును పెట్టి, అండము వచ్చునప్పటికి ఆ వీర్యము చచ్చియుండుటచే విఫలుడగును. విడుదలయైన అండమునకున్న ఆయువు అర్ధదినమునకు మించదు. కావుననే పూర్వపు పోషకులు ఎద రెండవ మూడవ దినమునుండి, గోడిగ మగగుఱ్ఱమును తన్ని త్రోయు వఱకును, దినము విడిచి దినము కలుపుచుండిరి. కారణము తెలియకున్నను వారి లెక్క సరియైనదే.

ఇచ్చట మఱియొక మెలిక కలదు. గోడిగల ఋతునియమమును గూర్చి మన విద్యార్థులు చదువు పాఠములు చాలవఱకు శీతలదేశపు అశ్వశాలలలో పుట్టినవి. ఇంగ్లండులోని న్యూమార్కెట్టున వేసవి పగటికిని శీతకాలపు పగటికిని భేదము ఎనిమిది గంటలకు మించును. 17, 18 అక్షాంశముల నడుమనున్న నర్సీపట్నమున ఆ భేదము సుమారు రెండు గంటలు మాత్రమే. భూమధ్యరేఖను సమీపించిన కొలదియు గోడిగల ఋతునియమము సడలుచుండును. అందుచేత విద్యుద్దీపముల సాయమున దినమునకు 16 గంటల వెలుతురు కల్పించి గోడిగలను ముందుగా ఎదకు తెచ్చు పాశ్చాత్య విధానమును ఇచ్చట కన్నులు మూసికొని అనుకరించుట తగదు. మన గోడిగలు ఏ నెలలలో ఎదకు వచ్చుచున్నవో, మేత కరవైన వేసవిలో ఏమగుచున్నవో, తొలకరి పచ్చిక మొలచిన పిమ్మట ఏమగుచున్నవో తేదీలు వ్రాసిపెట్టుకొని ఇచ్చటివారే తేల్చుకొనవలసియున్నది. పట్టా తరువాతి విద్య యనగా దూరదేశపు పాఠమును వల్లెవేయుట కాదనుటకు ఇదియే తార్కాణము.

ఇక వైద్యుని చేతికి సంబంధించిన భాగము. గోడిగ పురీషనాళము ఆవుదానికన్న మిక్కిలి సున్నితము. పరీక్షకై చేయి చొనిపినపుడు అది ముక్కుచున్నను లెక్కచేయక బలవంతము చేసినచో ప్రేగుగోడ చినుగును, చినిగిన గోడిగ దక్కుట దుర్లభము. అది ముక్కినపుడు చేతిని వెనుకకు తీసి, సడలినపుడు ముందుకు పోనిచ్చుట యను ఈ చిన్న నేర్పు పుస్తకమునుండి చేతికి రాదు. అండాశయముమీద పెరుగుచున్న అండపుటకము 35 మిల్లీమీటర్లు దాటి మెత్తబడుటను వ్రేళ్లతో గుర్తించుట, అదే సమయమున అల్ట్రాసౌండు తెరపై గర్భాశయపు మడతలు అడ్డముగా కోసిన నారింజతొనలవలె ఉబ్బి కనబడుటను చూచుట, ఆ రెండును కలిసిన దినమున హార్మోను సూది నిచ్చి 36 నుండి 48 గంటలలోపల అండము విడుదలయగునట్లు చేసికొనుట: ఇదియే నేటి అశ్వప్రజనన వైద్యమునకు మూలస్తంభము. ఒకే గోడిగను ఎద పొడుగున దినదినము పరీక్షించి, ఆ పుటకము పెరిగి, మెత్తబడి, ఒకనాటి ఉదయమున మాయమగుటను స్వయముగా చూచిన వైద్యునకు వచ్చు జ్ఞానమును నూఱు ఉపన్యాసములును ఈయజాలవు.

1980లో ఫ్రాన్సున పామర్, డ్రియాన్‌కూర్ అను శాస్త్రజ్ఞులు అల్ట్రాసౌండుతో గోడిగ గర్భమును చూచిన విధమును ప్రకటించినది మొదలు ఈ శాస్త్రము రూపు మారిపోయినది. కలిపిన 14 నుండి 16 దినములలో పిండకోశము తెరపై నల్లని గుండ్రని బిందువుగా కనబడును. అది సుమారు పదునాఱవ దినము వఱకు గర్భాశయపు కొమ్ములలో అటునిటు తిరుగాడి, పిమ్మట ఒకచోట స్థిరపడును. కవలలు పడినచో రెండింటిని మోయగల శక్తి గోడిగ గర్భాశయమునకు లేదు. తఱచుగా నెలలు గడచిన పిమ్మట రెండును నష్టమగును. స్థిరపడక మునుపే రెండు బిందువులను వేఱుచేసి ఒకదానిని నలిపివేయుటచే రెండవదానిని కాపాడవచ్చును. ఈ అదను తప్పి 35 దినములు దాటినచో గర్భాశయమున కొన్ని గ్రంథులు ఏర్పడి, పిండము పోయిన తరువాతను అవి నూఱు దినములు దాటువఱకు నశింపకుండుటచే, గోడిగ మరల సరిగా ఎదకు రాదు. ఆ సంవత్సరము వ్యర్థమగును. రెండు దినముల వ్యవధిలో ఒక సంవత్సరము దక్కుటయో పోవుటయో నిర్ణయమగు శాస్త్రమున, కలిపిన తేదీని పోషకుడు మఱచిపోయినచో వైద్యుని యంత్రము ఎంత ఖరీదైనదైనను నిరర్థకమే.

ఈనిక పోషకుని పరీక్ష. సుమారు 340 దినములు మోసి గోడిగ ప్రాయికముగా రాత్రివేళ, జనసంచారము సద్దుమణిగిన పిమ్మట ఈనును. చనుమొనలపై మైనమువంటి బిందువులు కనబడినది మొదలు రాత్రులు కనిపెట్టియుండవలెను. నొప్పులు పూర్తిగా వచ్చిన తరువాత పిల్ల 20, 30 నిమిషములలో భూమిమీద పడవలెను. ఆవు విషయమున గంటలు వేచియుండు ఓపిక ఇచ్చట ప్రాణాంతకము. తెల్లని పొరకు మాఱుగా ఎఱ్ఱని మందపు పొర ముందు కనబడినచో, మావి ముందుగా ఊడివచ్చుచున్నదనియు, లోపల పిల్లకు ఊపిరి అందుట లేదనియు ఎఱిగి, వైద్యునకై వేచియుండక తక్షణమే ఆ పొరను చీల్చి పిల్లను లాగవలెను. పుట్టిన పిల్ల గంటలోపల నిలువబడవలెను, రెండు గంటలలోపల పాలు త్రాగవలెను, తల్లి మూడు గంటలలోపల మావి వేయవలెను. ఆవునకు మావి పడుట ఆలస్యమైనచో మరునాటి వఱకు చూచు అలవాటు మనకున్నది. గోడిగకు మూడు గంటలు దాటినచో గర్భాశయము చీము పట్టుటయేకాక గిట్టలలోపల వాపు పుట్టి జీవితాంతము కుంటిదగు ప్రమాదమున్నది. గోడిగ మావిగుండ రోగనిరోధక పదార్థములు పిల్లకు చేరవు గనుక ముఱ్ఱుపాలే దాని కవచము. ఆ పాలు మొదటి కొన్ని గంటలలో కడుపున పడవలెను. ఈ పేరాలో చెప్పిన పనులలో ఒక్కటియు వైద్యుడు వచ్చువఱకు ఆగునది కాదు. వైద్యులకు మాత్రమే నేర్పిన విద్య మన్యమున సగము విద్య యనుట ఇందుచేతనే.

మగగుఱ్ఱము వైపు చూచినను గోసంవర్ధనపు అలవాట్లు పనికిరావు. మన దేశమున ఎద్దు వీర్యపు గొట్టమొక్కటిలో రెండు కోట్ల కణములుండిన ఆవు చూడి కట్టుటకు చాలును. ఘనీభవించిన అశ్వవీర్యమున ఒక మాఱు పెట్టుటకు సుమారు 25 కోట్ల చురుకైన కణములు కావలెను, కొన్ని మగగుఱ్ఱముల వీర్యము ఆ శీతలమునకు తాళజాలదు. ఇరువదవ శతాబ్ది ప్రారంభముననే రష్యాలో ఇవానోవ్ గుఱ్ఱములందు కృత్రిమ గర్భధారణను విస్తారముగా అమలు జరిపినను, థరోబ్రెడ్ పందెపు గుఱ్ఱముల వంశావళి సంస్థలు నేటికిని సహజ సంయోగమువలన పుట్టిన పిల్లనే నమోదు చేయుచున్నవి; అందుచేత మన దేశమున ధనవంతమైన పందెపు అశ్వశాలలనుండి ఈ నేర్పు ఇతరులకు ప్రవహించు మార్గము లేకపోయినది. సహజ సంయోగమునకును దాని భయములు దానికున్నవి. 1977లో న్యూమార్కెట్టున బయటపడిన అంటు గర్భాశయ వ్యాధి, మేలైన వైద్యులు కావలి కాయుచున్న చోటనే మగగుఱ్ఱమునుండి గోడిగకు, గోడిగనుండి మగగుఱ్ఱమునకు ప్రాకి, శుభ్రత లేని సంయోగమునకు ఎంత మూల్యము చెల్లింపవలసివచ్చునో లోకమునకు చాటినది.

ఈ విద్యను లోకము ఎట్లు పంచుకొనుచున్నదో చూడదగును. 1974లో కేంబ్రిడ్జిలో మొదలైన అంతర్జాతీయ అశ్వప్రజనన సదస్సు నాలుగేండ్ల కొకమాఱు జరుగుచు పరిశోధకులను ఒకచోట చేర్చుచున్నది. అమెరికాలోని కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయపు అశ్వప్రజనన ప్రయోగశాల వైద్యులకే కాక పోషకులకును స్వల్పకాలిక శిక్షణలు నడిపి ప్రఖ్యాతి గాంచినది. మన దేశమున 1779నుండి తన చరిత్రను చెప్పుకొను సైనిక రిమౌంట్ పశువైద్య దళము మీరటున శిక్షణాలయము నడుపుచున్నది. 1985లో హిసారున స్థాపితమైన జాతీయ అశ్వ పరిశోధన కేంద్రమునకు 1989లో బికనేరున మఱియొక శాఖ ఏర్పడినది. 2023లో ఆ బికనేరు శాఖలోనే పిండమార్పిడిచే మార్వాడీ పిల్ల పుట్టి ‘రాజ్-ప్రథమ’ యను పేరు పొందినది. అదే సంవత్సరమున గడ్డకట్టించి నిలువచేసిన పిండమునుండి ‘రాజ్-హిమాని’ పుట్టినది. శాస్త్రము మన దేశమున లేదను మాట కావున సత్యము కాదు. అది హిసారు, బికనేరు, మీరటులలో నున్నది; చింతపల్లి కనుమ క్రిందికి రాలేదు.

మన రాష్ట్రమున పశువైద్య పట్టా ఇంటర్న్‌షిప్‌తో కలిసి అయిదున్నర సంవత్సరముల చదువు. తిరుపతి, గన్నవరము, ప్రొద్దుటూరు కళాశాలలకు తోడు ఉత్తరాంధ్రమునకు గరివిడి కళాశాల ఏర్పడినది. ఈ చదువున ఆవు, గేదె, గొఱ్ఱె, కోడి యను నాలుగింటికి ప్రాధాన్యముండుట సహజమే. రైతు బ్రతుకు వానిమీదనే ఆధారపడియున్నది. కాని ఫలితమేమనగా, పట్టా పొంది కొండ క్రింది ఆసుపత్రికి వచ్చిన యువవైద్యుడు తన చేతితో పట్టుమని పది గోడిగలనైన పరీక్షింపక మునుపే గోడిగ వైద్యము చేయవలసివచ్చును. 1984నాటి భారత పశువైద్య పరిషత్ చట్టము చికిత్సాధికారమును నమోదైన వైద్యులకే యిచ్చి, చిన్నసేవలను మాత్రమే వారి పర్యవేక్షణలో సహాయకులకు విడిచినది. చట్టము ఇచ్చిన అధికారమునకు తగిన నేర్పును పట్టా తరువాతి విద్యయే పూరింపవలెను.

దీనికి ప్రబలమైన ఆక్షేపణ యొకటి కలదు. 2012 పశుగణనలో దేశమున సుమారు 6.2 లక్షలుగా నున్న గుఱ్ఱములు, పొట్టిగుఱ్ఱములు 2019 నాటికి 3.4 లక్షలకు తగ్గినవి. గాడిదలు అదే కాలమున 3.2 లక్షలనుండి 1.2 లక్షలకు పడిపోయినవి. రోడ్లు పడిన కొలదియు ఇంకను తగ్గును. తగ్గిపోవు జంతువునకై శిక్షణ యేల యని యడుగువారిని తోసిపుచ్చలేము. ఈ ఆక్షేపణలో సగము న్యాయమున్నది: ప్రతి మండల వైద్యునకును అశ్వప్రజననము నేర్పుట వృథావ్యయమే. కాని సంఖ్య తగ్గినపుడు ఒక్కొక్క గోడిగ విలువ పెరుగును. దుర్బలమైన మగపిల్లలను వృషణచ్ఛేదము చేయింపక మందలో వదలివేయుటచే మిగిలిన మందయు క్షీణించును. దక్కను పీఠభూమికి చెందిన భీమథడి గుఱ్ఱము ఇటీవలనే ప్రత్యేకజాతిగా గుర్తింపబడినది. మన్యపు పొట్టిగుఱ్ఱములలో కాపాడదగిన లక్షణములేవో కొలిచి చూడకయే అవి పోయినను నష్టము లేదనుట శాస్త్రబుద్ధి కాదు. రోడ్డు రాని పల్లెకు రోడ్డు వచ్చువఱకు గుఱ్ఱము కావలెను. అంతవఱకు దాని వైద్యమును కావలెను.

కావున చేయవలసినది స్వల్పము, సాధ్యము. గరివిడి కళాశాలయు పశుసంవర్ధక శాఖయు కలిసి, హిసారు కేంద్రపు నిపుణులను పిలిపించి, నర్సీపట్నము కేంద్రముగా ఏటా ఒక శిక్షణ నడుపవలెను. గుఱ్ఱములున్న మండలముల వైద్యులను మాత్రమే ఎంచుకొని, ఉపన్యాసములను తగ్గించి, బ్రతికియున్న గోడిగలపై చేతిపనిని పెంచవలెను. శిక్షణలో ఒక భాగము కొండమీది సంతదినమున, పోషకులు గుఱ్ఱములతో వచ్చినచోటనే, తెలుగునను వారి గిరిజన భాషలలోను జరుగవలెను. అచ్చట ఎద గుర్తులను, ఎఱ్ఱపొర ప్రమాదమును, ముఱ్ఱుపాల అవసరమును చూపి, పనికిరాని మగపిల్లలకు వైద్యునిచేతనే వృషణచ్ఛేదము చేయింపవలెను. ప్రతి పోషకునకును నాలుగు గడులున్న చీటీ యొకటి యీయవలెను: ఎద కనబడిన తేదీ, కలిపిన తేదీ, పరీక్షించిన తేదీ, ఈనిన తేదీ. చదువురాని యింట బడికి పోవు పిల్లలు వ్రాయుదురు. అయిదేండ్లలో ఆ చీటీలే మన్యపు గోడిగల ఋతునియమమును తెలుపు మొదటి గ్రంథమగును.

పూర్వము మన రాజులు గుఱ్ఱపు తోకకు వెల చెల్లించినారు గాని గుఱ్ఱపు వైద్యునకు దారి తెరువలేదు. అదే ఉపేక్షను నేటి ప్రభుత్వములును విశ్వవిద్యాలయములును తిరిగి చేయకుండుగాక. ఈ వ్యాసము చదువు పశువైద్యులకు నా మనవి ఒక్కటే: రాబోవు ఎదకాలమున మీ పరిధిలోని ఒక గోడిగను ఎన్నుకొని, దాని యజమానిని ప్రక్కన నిలుపుకొని, ఎద మొదలు ఈనిక వఱకు తేదీలు వ్రాసి చూడుడు, శిక్షణ తరగతి ఏర్పడువఱకు వేచియుండ నక్కరలేదు.